ఇంకా రాలేదా, వచ్చిందే తప్పా: ప్యాకెట్ బఫర్ చెప్పాల్సిన జవాబు

సొంత ప్రోటోకాల్‌తో నడిచే సర్వర్ల లాగుల్లో ఒక నంబర్ మాటిమాటికీ తగులుతుంటుంది: 1195725856. "ప్యాకెట్ లెంగ్త్ 1195725856, లిమిట్ దాటింది" అని ఎర్రర్ పడుతుంది, మొదటిసారి చూసినవాళ్ళు మెమరీ ఎక్కడో పాడైందనుకుని రోజంతా వెతుక్కుంటారు. పాడైందేం లేదు. ఏ బ్రౌజరో, పోర్టులన్నీ తట్టుకుంటూ తిరిగే ఏ స్కానరో వచ్చి హెచ్‌టీటీపీలో పలకరించింది, అంతే. హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ మామూలుగా "గెట్" అనే మూడు ఇంగ్లీష్ అక్షరాలు, వాటి వెనక ఒక స్పేస్‌తో మొదలవుతుంది, ఆస్కీలో వాటి విలువలు 71, 69, 84, 32. మొదటి నాలుగు బైట్లలో ప్యాకెట్ పొడవు ఉంటుందనుకునే సర్వర్ వీటిని కలిపి ఒకే 32 బిట్ల సంఖ్యగా చదివితే సరిగ్గా 1195725856 వస్తుంది. అదే 1213486160 కనబడిందంటే మన క్లయింటే పొరపాటున ఏదో వెబ్ సర్వర్‌కి కనెక్ట్ అయ్యి, దాని జవాబులో మొదట ఉండే "హెచ్‌టీటీపీ" అన్న నాలుగక్షరాల్ని లెంగ్త్ అనుకుందని అర్థం. 369295తో మొదలయ్యే తొమ్మిదంకెల సంఖ్య అయితే అవతలివాళ్ళు టీఎల్ఎస్‌లో, అంటే ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోటోకాల్‌లో మాట్లాడుతున్నారు, ఆ హ్యాండ్‌షేక్ చాలాసార్లు 22, 3, 1 అనే బైట్లతోనే మొదలవుతుంది.

ఈ ఎర్రర్ లాగ్‌లో పడిందంటే ఒక రకంగా సంతోషించాలి, ఎందుకంటే అక్కడ లిమిట్ చెక్ ఉంది. అది లేని సర్వర్ రెండిట్లో ఒకటి చేస్తుంది. ఒకటి, దాదాపు 1.2 జీబీ మెమరీ అడిగి కూలిపోతుంది. రెండోది ఇంకా దారుణం, నూట ఇరవై కోట్ల బైట్లు ఎప్పుడొస్తాయా అని ఆ కనెక్షన్‌ని పట్టుకుని అలా కూర్చుంటుంది, ఎర్రర్ ఉండదు, క్రాష్ ఉండదు, ఎవరికీ తెలియదు. వచ్చిన బైట్లని ప్యాకెట్‌గా తేలేదాకా దాచుకునే చోటే బైట్ బఫర్, ఆ మాట అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక అర్రే, దానిమీద ఇంటిజర్ చదివే ఫంక్షన్, స్ట్రింగ్ చదివే ఫంక్షన్, ఇలా ఓ పది ఫంక్షన్లు. అవన్నీ ఒక సాయంత్రంలో రాసేయొచ్చు. అసలు పని వేరే ఉంది: ప్యాకెట్ పూర్తిగా వచ్చిందా, ఇంకా రావాల్సి ఉందా, వచ్చిందే తప్పా, ఈ మూడింట్లో ఏదన్నది బఫర్ తడబడకుండా చెప్పగలగాలి. నెట్‌వర్క్ కోడ్‌లో కనబడే చిత్రమైన బగ్స్‌లో చాలావరకు ఈ రెండో జవాబుకీ మూడో జవాబుకీ తేడా చెరిగిపోయిన చోటే పుడతాయి.

ముందు టీసీపీ సంగతి. టీసీపీకి ప్యాకెట్లంటే ఏంటో తెలీదు, కనీసం అప్లికేషన్ అనుకునే ప్యాకెట్లు తెలీవు. దానికి తెలిసింది ఒక వరసలో పోయే బైట్లు మాత్రమే. ఇటువైపు మూడుసార్లు సెండ్ చేస్తే అటువైపు ఒకే రిసీవ్‌లో అంతా రావొచ్చు, ఒక్కసారి చేసిన సెండ్ అటు ఐదు ముక్కలై రావొచ్చు, మూడు ముక్కలై వచ్చి ఆ మూడో ముక్కకి తర్వాతి ప్యాకెట్ తల అంటుకుని కూడా రావొచ్చు. మామూలు ఈథర్నెట్‌లో ఒక ఫ్రేమ్ మోసేది 1500 బైట్లు, అందులో ఐపీ హెడర్ 20, టీసీపీ హెడర్ 20 పోతే మిగిలేది 1460, కాబట్టి అంతకన్నా పెద్ద మెసేజ్ ఎలాగూ ముక్కలవుతుంది. చిన్నవి ముక్కలవ్వవని కూడా ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. యూడీపీ అలా కాదు, ఒక డేటాగ్రామ్ పంపితే వస్తే మొత్తం ఒకేసారి వస్తుంది లేదా రాదు, ఐపీవీ4 మీద దాని గరిష్ఠం 65507 బైట్లు. అక్కడ జాగ్రత్త ఒక్కటే, రిసీవ్‌కి ఇచ్చిన బఫర్ చిన్నదైతే మిగతా తోక గాల్లో కలిసిపోతుంది, మళ్ళీ అడిగినా ఇవ్వదు. ఇక ఇక్కణ్ణుంచి మాట్లాడేదంతా టీసీపీ గురించే, కష్టాలన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి.

బఫర్‌కి గుండెకాయ రెండు సంఖ్యలు. ఎక్కడిదాకా రాశాం, ఎక్కడిదాకా చదివాం. సాకెట్ నుంచి బైట్లు వస్తే రాత ఇండెక్స్ ముందుకి జరుగుతుంది, బైట్లని ఫీల్డులుగా విడదీసే పార్సర్ తీసుకుంటే చదువు ఇండెక్స్ జరుగుతుంది, ఈ రెండిటి మధ్య ఉన్నదే ఇంకా తేలని సరుకు. చదువు ఇండెక్స్ ఎప్పుడూ రాత ఇండెక్స్‌ని దాటకూడదు, రాత ఇండెక్స్ కెపాసిటీని దాటకూడదు, ఈ ఒక్క నియమం నిలబెడితే సగం పని అయిపోయినట్టే. వినడానికి ఇంత తేలికగా ఉన్నా జావా వాళ్ళు 2002లో జేడీకే 1.4తో తెచ్చిన బైట్‌బఫర్‌లో వేరే దారి పట్టారు, అందులో పొజిషన్ ఒక్కటే, చదవడానికీ అదే, రాయడానికీ అదే, మోడ్ మారేటప్పుడు ఫ్లిప్ అని పిలవాలి. ఫ్లిప్ పిలిస్తే లిమిట్ వచ్చి పొజిషన్ ఉన్నచోట కూర్చుంటుంది, పొజిషన్ సున్నాకి పోతుంది. మర్చిపోతే? 1024 బైట్ల బఫర్‌లో 5 బైట్లు రాసి ఫ్లిప్ లేకుండా చదివితే మనం రాసిన 5 తప్ప మిగతా 1019 చెత్త బైట్లు వస్తాయి. రెండుసార్లు పిలిస్తే లిమిట్ సున్నా అయిపోయి బఫర్ ఖాళీ అంటుంది. ఇంకా ప్రమాదకరమైంది క్లియర్‌కీ కాంపాక్ట్‌కీ మధ్య తికమక. ప్యాకెట్ చదివేశాక క్లియర్ పిలిచే కోడ్ నెలల తరబడి బ్రహ్మాండంగా నడుస్తుంది, ఎందుకంటే ప్రతి రిసీవ్‌లో సరిగ్గా ఒక ప్యాకెట్టే వస్తోంది కాబట్టి. ఏదో ఒకరోజు ప్యాకెట్ వెనకాల తర్వాతి దాని సగం ముక్క అంటుకుని వస్తుంది, క్లియర్ ఆ సగాన్ని మింగేస్తుంది, ఇక అక్కణ్ణుంచి ఆ కనెక్షన్‌లో ప్రతి బైటూ తప్పు చోట నిలబడి ఉంటుంది. కాంపాక్ట్ అయితే చదవని ముక్కని మొదటికి జరిపి ఉంచేది. తర్వాతి కాలంలో వచ్చిన నెట్టీ లైబ్రరీ చదువుకి ఒక ఇండెక్స్, రాతకి ఒక ఇండెక్స్ అని విడివిడిగా పెట్టి ఈ ఫ్లిప్ గోలని వదిలించుకుంది. కొత్తగా రాసుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని రెండు ఇండెక్సుల దారి పట్టొచ్చు.

ఇప్పుడు ఒక ప్యాకెట్‌ని దగ్గర్నుంచి చూద్దాం. మొదటి 2 బైట్లు లెంగ్త్, తర్వాత 1 బైట్ మెసేజ్ రకం, 4 బైట్లు యూజర్ ఐడీ, ఆ తర్వాత ఒక స్ట్రింగ్, ఆ స్ట్రింగ్‌కి మళ్ళీ ముందు 2 బైట్ల లెంగ్త్. స్ట్రింగ్‌లో ఉన్నది "తెలుగు" అన్న మాట అనుకుందాం. యూనికోడ్ లెక్కలో అది త, ఎత్వం, ల, ఉకారం, గ, ఉకారం, మొత్తం ఆరు కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు తింటుంది, అంటే 18 బైట్లు. హెడర్‌లో ఉండాల్సిన లెంగ్త్ 1+4+2+18, అంటే 25, లెంగ్త్ ఫీల్డ్‌తో కలిపి వైర్ మీద మొత్తం 27 బైట్లు. ఇక్కడ పంపేవైపు ఎక్కువగా జరిగే పొరపాటు, స్ట్రింగ్ లెంగ్త్ అని భాష ఇచ్చే 6ని ఫీల్డ్‌లో రాసేసి వెనకాల 18 బైట్లూ తోయడం. ఇంగ్లీష్ పేర్లతో టెస్ట్ చేసినంతకాలం రెండూ ఒకటే కాబట్టి బయటపడదు. తెలుగులో పేరు పెట్టుకున్న మొదటి యూజర్ రాగానే అవతలివైపు 6 బైట్లు, అంటే రెండే కోడ్ పాయింట్లు చదివి, మిగిలిన 12 బైట్లని తర్వాతి ఫీల్డ్ అనుకుంటుంది.

సరే, అన్నీ సరిగ్గానే పంపారు. ఈ 27 బైట్లు మూడు ముక్కలుగా వచ్చాయనుకుందాం. మొదటి రిసీవ్‌లో ఒకే ఒక్క బైట్, దాని విలువ 0. లెంగ్త్ తెలుసుకోవడానికే 2 బైట్లు కావాలి, ఉన్నది ఒకటి, జవాబు "ఇంకా రాలేదు". ఆ 0ని తీసి పక్కనెక్కడో దాచుకోకూడదు, చదువు ఇండెక్స్ అంగుళం కూడా కదలకూడదు. రెండో రిసీవ్‌లో 11 బైట్లు వచ్చాయి, ఇప్పుడు చేతిలో 12 ఉన్నాయి, మొదటి రెండు బైట్లు 0, 25, అంటే లెంగ్త్ 25, ముందు ఈ 25 మన గరిష్ఠ లిమిట్ లోపలే ఉందా చూశాం, ఉంది, కానీ కావాల్సింది 27, ఉన్నది 12, మళ్ళీ "ఇంకా రాలేదు". చాలామంది చేసే తప్పు సరిగ్గా ఈ మెట్టు మీదే జరుగుతుంది. లెంగ్త్‌ని చదివేశారు, చదవడం వల్ల ఇండెక్స్ 2 ముందుకెళ్ళింది, ఒళ్ళు, అంటే లెంగ్త్ తర్వాతి భాగం, మొత్తం రాలేదని రిటర్న్ అయిపోయారు, తర్వాతి రౌండ్‌లో మళ్ళీ మొదలెట్టినప్పుడు మెసేజ్ రకం బైట్‌ని లెంగ్త్ అనుకున్నారు. అందుకే లెంగ్త్‌ని చదవకూడదు, తొంగి చూడాలి, అంటే ఇండెక్స్ జరపకుండా విలువ మాత్రం తెలుసుకోవాలి. బఫర్‌లో చదివే ఫంక్షన్ ఉన్న ప్రతి రకానికీ తొంగి చూసే ఫంక్షన్ ఒకటి కూడా ఉండాల్సింది ఇందుకే. మూడో రిసీవ్‌లో 24 బైట్లు వచ్చాయి, మొత్తం 36, ప్యాకెట్ పూర్తయింది, 27 తీసుకున్నాం, ఇంకా 9 మిగిలాయి. ఇక్కడ ఆగిపోకుండా మళ్ళీ లూప్‌లో అదే ప్రశ్న అడగాలి, ఆ 9 బైట్లలోనే ఇంకో చిన్న ప్యాకెట్ పూర్తిగా ఉండి ఉండొచ్చు. ఒక రిసీవ్‌కి ఒక ప్యాకెట్ అని ఆగిపోయే కోడ్‌లో ఆ చిన్న ప్యాకెట్, సాకెట్‌లోకి మళ్ళీ ఏదైనా వచ్చేదాకా బఫర్‌లోనే మగ్గుతుంది, యూజర్‌కేమో మెసేజ్‌లు ఒకటి వెనకబడి వస్తున్నట్టు కనిపిస్తుంది.

బఫర్ నిండిపోయినప్పుడు వచ్చే తమాషా ఒకటుంది. సీలో రిసీవ్ 0 ఇచ్చిందంటే అవతలివైపు కనెక్షన్ మూసేసిందని అర్థం. కానీ బఫర్‌లో ఖాళీ లేదు, రిసీవ్‌కి "0 బైట్లు ఇవ్వు" అని అడిగాం, అదీ 0నే ఇస్తుంది. కోడ్ దాన్ని డిస్‌కనెక్ట్ అనుకుని బతికున్న కనెక్షన్‌ని మూసేస్తుంది. జావా ఛానల్స్‌లో ముగింపుకి -1 వస్తుంది కాబట్టి ఈ గందరగోళం లేదు, దాని బదులు ఖాళీ లేనప్పుడు 0 వస్తూ లూప్ గిరగిరా తిరుగుతుంది, సీపీయూ వంద శాతం కొట్టుకుంటుంది. మందు ఒక్కటే, రిసీవ్ పిలిచే ముందు చోటుందో లేదో చూసుకోవడం.

ఇక హద్దుల చెక్. చదువు ఇండెక్స్‌కి లెంగ్త్ కలిపితే రాత ఇండెక్స్ దాటుతుందా అని రాస్తారు అందరూ, చూడ్డానికి బానే ఉంటుంది, కానీ లెంగ్త్ ఫీల్డ్ 4 బైట్లదై, అందులో 4294967295 లాంటిది వస్తే 32 బిట్లలో ఆ కూడిక చుట్టు తిరిగి చిన్న సంఖ్య అయిపోతుంది, చెక్ హాయిగా పాసవుతుంది. రాత ఇండెక్స్‌లోంచి చదువు ఇండెక్స్ తీసేసి, వచ్చినదానికన్నా లెంగ్త్ పెద్దదా అని తిప్పి రాస్తే ఈ బాధ ఉండదు, మన రెండు ఇండెక్సుల తేడా ఎప్పుడూ తప్పు కాదు కాబట్టి. అవతలివాడు పంపిన సంఖ్యతో కూడికలు చేయకుండా దాన్ని ఒంటరిగా నిలబెట్టి పోల్చాలి అనమాట.

అంతకన్నా లోతైన గొడవ లోపలి లెంగ్త్‌లది. మన ప్యాకెట్‌లో బయట ఒక లెంగ్త్ ఉంది, లోపల స్ట్రింగ్‌కి ఇంకో లెంగ్త్ ఉంది. స్ట్రింగ్ లెంగ్త్ 18 బదులు 500 అని వచ్చిందనుకోండి, దాన్ని దేనితో పోల్చాలి? బఫర్‌లో ఉన్న మొత్తం బైట్లతో పోలిస్తే తర్వాతి ప్యాకెట్లు కూడా అక్కడే ఉన్నాయి కాబట్టి చెక్ పాసైపోయి, పక్కవాళ్ళ బైట్లు ఈ స్ట్రింగ్‌లోకి వచ్చి పడతాయి. బైట్లు చాలకపోతే "ఇంకా రాలేదు" అని చెప్పి కూర్చుంటుంది, అది మరీ అన్యాయం. ప్యాకెట్ పూర్తిగా వచ్చేసిందని ఒకసారి తేలిన తర్వాత దాని లోపల "ఇంకా రాలేదు" అనే జవాబుకి చోటే లేదు, లోపల ఏది చాలకపోయినా అది తప్పే. అందుకని మంచి డిజైన్‌లో బయటి చూపుకీ లోపలి చూపుకీ వేరే రకాలు పెడతారు. బయటిది స్ట్రీమ్ బఫర్, దానికి మూడు జవాబులు. లోపలిది 25 బైట్లకే కట్టేసిన ఒక స్లైస్, దానికి రెండే జవాబులు, ఉంది లేదా తప్పు. స్లైస్ మొత్తం చదివాక చివర్లో బైట్లు మిగిలాయా అని కూడా చూడాలి, మిగిలితే రెండువైపులా వెర్షన్లు తేడా ఉన్నాయనో, ఎవరో ఏదో ప్రయత్నిస్తున్నారనో అనుకోవాలి.

ఈ లోపలి లెంగ్త్ వ్యవహారం ఎంతదాకా వెళ్తుందో చూపించింది హార్ట్‌బ్లీడ్. టీఎల్ఎస్ కోసం చాలా సర్వర్లు వాడే లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్, 2012 మార్చిలో వచ్చిన దాని 1.0.1 వెర్షన్‌లో మొదలైన బగ్ అది, 2014 ఏప్రిల్ 7న బయటపెట్టి సరిచేశారు. హార్ట్‌బీట్ అని ఒక చిన్న మెసేజ్ ఉంటుంది, "నేను పంపిన ఈ బైట్లని తిరిగి నాకే పంపు" అని అడగడం దాని పని, అందులో 1 బైట్ రకం, 2 బైట్ల లెంగ్త్, తర్వాత సరుకు, చివర్లో కనీసం 16 బైట్ల ప్యాడింగ్. లెంగ్త్ ఫీల్డ్ 16 బిట్లు కాబట్టి అందులో 65535 దాకా ఏదైనా రాయొచ్చు. నిజంగా పంపింది నాలుగు బైట్లే అయినా ఫీల్డ్‌లో 65535 అని రాస్తే, సర్వర్ ఆ మాట నమ్మి, వచ్చిన బైట్ల పక్కన మెమరీలో ఏముందో అదంతా కాపీ చేసి తిరిగి పంపేసేది, ఒక్కో రిక్వెస్ట్‌కి దాదాపు 64 కేబీ, పాస్‌వర్డ్‌లు, సెషన్ కుకీలు, అదృష్టం బాగుంటే ప్రైవేట్ కీలు కూడా. బయటి రికార్డ్ ఎంత పొడవుందో ఆ కోడ్‌కి తెలుసు, తెలిసీ పోల్చలేదు. ప్యాచ్ ముఖ్యంగా చేసిందల్లా 1+2+లెంగ్త్+16 అనే మొత్తం రికార్డ్ పొడవు దాటితే ఆ మెసేజ్‌ని చప్పుడు చేయకుండా పారేయడమే.

వేరియబుల్ లెంగ్త్ సంఖ్యల్లోనూ ఇదే కథ ఇంకో వేషంలో వస్తుంది. ప్రోటోకాల్ బఫర్స్‌లో ఒక బైట్‌లో 7 బిట్లు సంఖ్యకి, పై బిట్ "ఇంకో బైట్ ఉంది" అని చెప్పడానికి వాడతారు, 300 అనే సంఖ్య 172, 2 అనే రెండు బైట్లవుతుంది. 64 బిట్ల సంఖ్యకి ఎంతైనా 10 బైట్లు దాటవు. పై బిట్ 1 ఉన్న బైట్లు పదకొండు, పన్నెండు, ఇరవై వస్తూనే ఉంటే? పదో బైట్ దగ్గర కూడా పై బిట్ 1 ఉంటే అది తప్పు అని తేల్చేయాలి, తేల్చని కోడ్ "ఇంకా రాలేదు, ఇంకా రాలేదు" అనుకుంటూ బఫర్ పెంచుకుంటూ పోతుంది.

బైట్ల వరస గురించి కొంచెం. నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ ఎక్కువగా పెద్ద బైట్ ముందు పెడతాయి, దాన్నే బిగ్ ఎండియన్ అంటారు, ఈ రోజు మనం వాడే ప్రాసెసర్లలో చాలావరకు లిటిల్ ఎండియన్. ఈ రెండు పేర్లనీ కంప్యూటర్లకి అంటించింది డానీ కోహెన్, 1980 ఏప్రిల్ 1న రాసిన ఒక పేపర్‌లో, గుడ్డుని ఏ కొస నుంచి పగలగొట్టాలని యుద్ధాలు చేసుకునే ఒక పాత వ్యంగ్య కథలోంచి తీసుకుని. ఏది మంచిదన్న వాదన ఇప్పుడు వృథా, ఏదో ఒకటి ప్రోటోకాల్‌లో రాసిపెట్టుకుని, బఫర్‌లో ఫంక్షన్ పేరులోనే అది కనబడేలా చేస్తే చాలు, బఫర్ లోపల "ఇప్పటి వరస" అని ఒక సెట్టింగ్ పెట్టడం మాత్రం మంచిది కాదు, ఎవరో ఎక్కడో మార్చి మర్చిపోతారు. తారుమారైతే ఎలా కనిపిస్తుందో తెలిసి ఉండటం ఉపయోగం: 0, 5 అన్న రెండు బైట్లు 5 బదులు 1280 అవుతాయి. చిన్న లెంగ్త్‌లన్నీ 256 గుణిజాలుగా వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే.

జావాలో ఇంకో ముల్లు, అక్కడ బైట్ -128 నుంచి 127 దాకా. లెంగ్త్ 1000ని వైర్ మీద 3, 232గా పంపారు, 232ని జావా -24గా చూస్తుంది, 3ని 256తో గుణించి 768, దానికి -24 కలిపితే 744. ప్యాకెట్ 744 బైట్లే అనుకుని మిగతా 256 బైట్లు తర్వాతి ప్యాకెట్ అయిపోతాయి. కింది బైట్ 127 లోపు ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు, అందుకే చిన్న మెసేజ్‌లతో చేసిన డెమోలో అంతా బాగుంటుంది. ప్రతి బైట్‌నీ 255తో యాండ్ చేయడం ఒక్కటే దీనికి విరుగుడు, అదీ బఫర్ లోపల ఒకేచోట ఉండాలి, వాడే ప్రతివాడూ గుర్తుపెట్టుకునేలా కాదు. సీలో అయితే ఆశ ఇంకోటి, బఫర్ పాయింటర్‌ని స్ట్రక్ట్ పాయింటర్‌గా కాస్ట్ చేసి ఫీల్డులు నేరుగా చదివేద్దామని. ప్యాడింగ్, అలైన్‌మెంట్, ఎండియన్ మూడూ ఒకేసారి మీద పడతాయి, ఎక్స్86లో నడిచింది కదా అని సంబరపడితే వేరే ప్రాసెసర్‌లోనో, కంపైలర్ ఆప్టిమైజేషన్ పెంచినప్పుడో విరుగుతుంది. ఒక్కో బైట్ తీసి షిఫ్ట్ చేసి కలుపుకోవడమే మేలు, ఇప్పటి కంపైలర్లు దాన్ని గుర్తుపట్టి చాలాసార్లు ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తాయి కూడా.

రాసే వైపుకొస్తే మొదటి చిక్కు, లెంగ్త్ ముందు రాయాలి, కానీ అదెంతో ఒళ్ళంతా రాశాక గానీ తెలీదు. తేలికైన దారి, ముందు 2 బైట్లు ఖాళీ వదిలి, ఒళ్ళు రాసి, వెనక్కొచ్చి ఆ చోట లెంగ్త్ నింపడం. ఇందుకు బఫర్‌లో ఫలానా ఇండెక్స్ దగ్గర రాయి అనే ఫంక్షన్, రాత ఇండెక్స్‌ని కదపకుండా రాసేది, ఒకటి ఉండాలి. గుర్తుంచుకోవాల్సింది చోటు నంబర్‌ని, పాయింటర్‌ని కాదు, మధ్యలో బఫర్ పెరిగి వేరే మెమరీకి మారిపోతే పాత పాయింటర్ గాల్లో వేలాడుతుంది. నింపేటప్పుడు 65535 దాటిందా అని చూడాలి, చూడకపోతే 70000 బైట్ల ఒళ్ళు 4464 అనే లెంగ్త్‌తో బయల్దేరుతుంది. రెండో దారి లినక్స్ కెర్నల్‌ది. అక్కడ ప్యాకెట్‌ని మోసే స్ట్రక్చర్‌లో హెడ్, డేటా, టెయిల్, ఎండ్ అని నాలుగు గుర్తులుంటాయి, డేటా ముందర కావాలనే కొంత ఖాళీ వదిలి మొదలెడతారు, టీసీపీ తన హెడర్‌ని డేటా ముందుకి అతికిస్తుంది, ఐపీ దాని ముందు, ఈథర్నెట్ తన 14 బైట్లని దాని ముందు. ప్రతి లేయర్ డేటా గుర్తుని వెనక్కి నెట్టుకుని రాసుకుంటుందే తప్ప ఒళ్ళు ఒక్కసారి కూడా కాపీ అవదు. పొరల మీద పొరలు చుట్టే ప్రోటోకాల్ అయితే ఈ పద్ధతికి సాటి లేదు.

హెడర్ ఒక సెండ్‌లో, ఒళ్ళు ఇంకో సెండ్‌లో పంపడం మాత్రం వద్దు. 1984లో జాన్ నాగల్ ప్రతిపాదించిన అల్గారిథమ్, ముందు పంపినదానికి అక్నాలెడ్జ్‌మెంట్, అంటే అందిందన్న కబురు, వచ్చేదాకా రెండో చిన్న ముక్కని ఆపి ఉంచుతుంది, అవతలివైపేమో అక్నాలెడ్జ్‌మెంట్‌ని కాసేపు ఆగి పంపుదాంలే అనుకుంటుంది, ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఎదురుచూపు, లినక్స్‌లో ఇది 40 మిల్లీసెకన్ల ఆలస్యంగా కనబడుతుంది. లోకల్‌లో అన్నీ మైక్రోసెకన్లలో అవుతుంటే ఒక్కో రిక్వెస్ట్‌కి కచ్చితంగా 40 పడుతోందంటే ముందు చూడాల్సింది ఇక్కడే. ఆ అల్గారిథమ్‌ని ఆపేసే నోడిలే ఆప్షన్ పెట్టొచ్చు, కానీ రెండూ ఒకే బఫర్‌లో పేర్చి, లేదా రైట్‌వీ లాంటి కాల్‌తో ఒకేసారి ఇవ్వడం అసలైన పరిష్కారం.

సెండ్ కూడా మనం ఇచ్చినంతా పంపుతుందని లేదు. నాన్‌బ్లాకింగ్ సాకెట్‌లో, అంటే చోటు దొరికేదాకా ఆగకుండా వెంటనే తిరిగొచ్చేదాంట్లో, 10000 బైట్లిస్తే 6200 తీసుకుని చాలంటుంది, మిగిలిన 3800 మన దగ్గరే ఉండాలి, సాకెట్ మళ్ళీ రెడీ అన్నప్పుడు అక్కణ్ణుంచే మొదలవ్వాలి. మళ్ళీ అవే రెండు ఇండెక్సులు, పాత్రలు మారాయంతే, రాసేది మనం, చదివేది సాకెట్. అవతలివాడు నెమ్మదిగా తీసుకుంటుంటే ఈ బఫర్ పెరుగుతూ పోతుంది, దీనికి గట్టు కట్టకపోతే ఒక్క మొబైల్ నెట్‌వర్క్ యూజర్ సర్వర్ మెమరీ అంతా తినేయగలడు. నెట్టీలో డిఫాల్ట్‌గా 64 కేబీ దాటగానే "ఇక రాయొద్దు" అని సిగ్నల్ ఇస్తుంది, 32 కేబీ కిందకి దిగాక మళ్ళీ రాయొచ్చంటుంది. రెండు వేర్వేరు గీతలు ఎందుకంటే ఒకటే గీత పెడితే ఆ గీత మీదే ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అని ఊగుతుంటుంది.

మెమరీ విషయానికొస్తే, చదివేసిన బైట్ల చోటుని ఎప్పుడు తిరిగి తీసుకోవాలన్నది ప్రశ్న. ప్రతి ప్యాకెట్ తర్వాతా మిగతాదాన్ని మొదటికి జరిపితే అనవసరమైన కాపీ. చదువు, రాత ఇండెక్సులు కలిసిపోయినప్పుడల్లా రెండిట్నీ సున్నా చేసేస్తే ఖర్చే లేదు, నిజ జీవితంలో ఎక్కువసార్లు ఇదే జరుగుతుంది. కలవకపోతే, చివర్లో చోటు చాలనప్పుడు మాత్రమే జరపాలి, అప్పుడు జరిగేది కూడా సాధారణంగా ఒక సగం ప్యాకెట్టే. చివరికి చేరగానే మళ్ళీ మొదటికి తిరిగే రింగ్ బఫర్ పెడితే జరపడమే ఉండదు కదా అని అనిపిస్తుంది, నిజమే, కానీ లెంగ్త్ ఫీల్డ్‌లో మొదటి బైట్ రింగ్ చివర, రెండో బైట్ మొదట్లో పడిన రోజు ప్రతి చదివే ఫంక్షన్‌లోనూ ఒక ఇఫ్ దూరుతుంది, స్ట్రింగ్‌ని స్లైస్‌గా ఇవ్వలేం, రెండు ముక్కలుగా ఇవ్వాలి. ఒకే మెమరీ పేజీల్ని పక్కపక్కన రెండుసార్లు మ్యాప్ చేసి దీన్ని తప్పించుకునే ట్రిక్ ఒకటుంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ ప్యాకెట్ పార్సింగ్‌కి అంత అవసరం అరుదు. ఆడియోకి, లాగ్‌లకి రింగ్ బాగా నప్పుతుంది, ప్యాకెట్లకి తిన్నగా ఉన్న బఫరే హాయి.

పెంచడం విషయంలో రెట్టింపు చేసుకుంటూ పోవడం మామూలు పద్ధతి, ఒక పై హద్దుతో. ఇక్కడ ఒక ఉచ్చు: 4 బైట్ల లెంగ్త్ ఉన్న ప్రోటోకాల్‌లో హెడర్ 1 ఎంబీ అంది, లిమిట్ లోపలే ఉంది, వెంటనే 1 ఎంబీ కేటాయించేద్దాం అనుకుంటారు. పదివేల కనెక్షన్లు తెరిచి ఒక్కోదాంట్లో హెడర్ మాత్రం పంపి ఊరుకున్నవాడు కొన్ని పదుల వేల బైట్ల ఖర్చుతో సర్వర్ దగ్గర 10 జీబీ పట్టించేశాడన్నమాట. చెప్పిన లెంగ్త్‌ని బట్టి కాకుండా, నిజంగా వచ్చిన బైట్లని బట్టి పెంచాలి. అలాగే ఎప్పుడో ఒకసారి పెద్ద ప్యాకెట్ వచ్చి 1 ఎంబీకి పెరిగిన బఫర్‌ని ఖాళీగా ఉన్న కనెక్షన్‌కి అంటిపెట్టి ఉంచకూడదు, ఖాళీ అయ్యాక చిన్నదిగా మార్చాలి లేదా అన్ని కనెక్షన్లూ పంచుకునే బఫర్ల పూల్‌కి ఇచ్చేయాలి.

పూల్ అనగానే ఇంకో తలనొప్పి, ఇది ఎవరి సొత్తు అన్నది. కాపీ లేకుండా స్లైస్ ఇచ్చాం, యూజర్ కోడ్ దాన్ని మ్యాప్‌లో దాచుకుంది, ఈలోగా బఫర్ వేరే కనెక్షన్‌కి వెళ్ళింది, ఒకళ్ళ పేరు ఇంకొకళ్ళ స్క్రీన్ మీద వస్తుంది. నెట్టీ ఒక్కో బఫర్‌ని ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టే రిఫరెన్స్ కౌంట్ పెట్టి, విడుదల చేయడం మర్చిపోయినవాళ్ళని పట్టుకోడానికి బఫర్లలో దాదాపు 1 శాతాన్ని శాంపిల్‌గా గమనించే లీక్ డిటెక్టర్ కూడా పెట్టింది, ఆ అవసరం పడిందంటేనే ఇది ఎంత తేలిగ్గా తప్పే పనో అర్థమవుతుంది. గార్బేజ్ కలెక్టర్ ఉన్నచోట కూడా 20 బైట్ల స్లైస్ ఒకటి వెనకున్న 64 కేబీ మొత్తాన్నీ బతికించి ఉంచుతుంది. చిన్న ఫీల్డుల్ని కాపీ చేసి ఇచ్చేయడం, పెద్ద ఫైల్ ముక్కల్లాంటివాటికే స్లైస్ వాడటం, ఎక్కువ సర్వర్లకి ఇదే సరిపోతుంది, జీరో కాపీ అన్న మాటకి మురిసిపోయి మొత్తం కోడ్‌ని దాని చుట్టూ తిప్పాల్సిన పని లేదు.

ఇవన్నీ పెట్టాక టెస్ట్ చేయడం దగ్గర ఒక మోసం ఉంది. లినక్స్‌లో లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ ఒకేసారి 65536 బైట్లు మోస్తుంది, సర్వర్, క్లయింట్ రెండూ ఒకే మెషీన్‌లో ఉంటే ప్యాకెట్లు దాదాపు ఎప్పుడూ ముక్కలవ్వవు, అందుకే పైన చెప్పిన బగ్స్‌లో సగం డెవలపర్ లాప్‌టాప్‌లో పుట్టవు. సాకెట్ లేకుండానే టెస్ట్ చేయాలి. మన 27 బైట్ల ప్యాకెట్‌నే తీసుకుని బఫర్‌కి ఒక్కో బైట్ చొప్పున అందిస్తే, మొదటి 26 సార్లూ "ఇంకా రాలేదు", 27వసారి ప్యాకెట్ రావాలి. తర్వాత రెండు ముక్కలుగా, కోయగలిగిన 26 చోట్లా కోసి అందించాలి. తర్వాత మూడు ప్యాకెట్లు అతికించి ఒకేసారి. తర్వాత స్ట్రింగ్ లెంగ్త్‌ని 18 నుంచి 19కి మార్చి, వెనకాల ఇంకో మంచి ప్యాకెట్ తగిలించి అందిస్తే "తప్పు" అనే రావాలి, పక్క ప్యాకెట్‌లోంచి ఒక బైట్ అప్పు తెచ్చుకుని సరే అనకూడదు. చివరిది ఎక్కువమంది వదిలేసేది: 12 బైట్లు అందించి కనెక్షన్ మూసేయడం. అప్పటిదాకా "ఇంకా రాలేదు" అన్న జవాబు సరైనదే, మూసిన క్షణం నుంచి అదే 12 బైట్లకి జవాబు "తప్పు". కనెక్షన్ మూయకుండా అలాగే నిమిషాల తరబడి మౌనంగా ఉన్నా ఏదో ఒక గడువు దగ్గర అదే జవాబుగా మారాలి, ఆ గడువు బఫర్‌కి తెలీదు, దాన్ని పిలిచే లూప్ పెట్టుకోవాలి, కాబట్టి చివరి బైట్ ఎప్పుడొచ్చిందన్న టైమ్ ఒకటి ఇండెక్సుల పక్కన దాచి ఉంచితే ఆ లూప్‌కి పని తేలికవుతుంది.